వీసమంత ముందు

కిందింటావిడ ఇస్త్రీ అతనితో అన్నదట, ఇస్త్రీ అతను చొక్కాలు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి అమ్మతో అన్నాడట, అమ్మ కంచం ముందు పెడుతూ కొడుకుతో అన్నది: పైన మధ్యాహ్నం పూట ఇద్దరు గెంతుతున్నారట. ఒకరైతే సర్దుకుపోవచ్చు, మైకుల షాపు అబ్బాయి గెంతుల పిచ్చి వాడకట్టంతా ఎరిగిందే, ఇద్దరేమిటని ఆవిడ బాధట. ఎవర్తినో తెచ్చి పెట్టుకున్నాడేమో, తల్లికి కళ్ళూ చెవులూ లేవా అని కూడా అన్నదట గాని, ఆ ముక్క ఇస్త్రీ అతను నమిలి సగమే బయటపెట్టాడట. ఒక అడుగు తేలికట, పిల్లి గోడ దూకినట్టు. ఒకటి బరువట, బస్తా దించినట్టు. ముందు తేలికది పడుతుందట, దాన్ని అంటిపెట్టుకుని బరువుది. ఎప్పుడూ ఆ వరసేనట, ఒక్కసారీ తారుమారు కాదట. అతను రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తోందని సరిపెట్టుకోవచ్చు. తిరిగొచ్చే చప్పుడు వెనకాల వస్తుంది గాని ముందు రాదు కదా. ఈ లెక్క కిందింటావిడకు తెలియదు. తెలియదు కాబట్టే ఆవిడ అబద్ధం ఆడుతున్నదని అనుకోవడానికి లేకుండా పోయింది.

ఇప్పుడు అతను గదిలో తన ప్యాడ్ మీద నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడే గాని గెంతడం లేదు. పక్కపక్కన రెండు ప్యాడ్లు, నాలుగు దిక్కులా బాణం గుర్తులున్న తొక్కుడు చాపలు, అంచులకు టేపు వేసి నేలకు అంటించినవి, ఎడమది అతనిది, కుడిది చెల్లెలిది. కుడిదాని వైరు ఎప్పుడో పీకి చుట్టచుట్టి గోడకు ఆనించాడు. ఎండ కిటికీ ఊచల్లోంచి చారలుగా దిగి రెండో ప్యాడ్ మీద సగం దాకా వచ్చి ఆగింది. ఫ్యాను తిరుగుతోంది గాని ఆ గాలి గాలిలా లేదు, ఎవరో దగ్గరగా నిలబడి ఊపిరి విడుస్తున్నట్టుంది. కంప్యూటరు తెర మీద బాణాలు ఆగిపోయి ఉన్నాయి. ఈ ఆట ఎంత తేలికో అంత మొండిది. తెర అడుగు నుంచి బాణాలు పైకి పాకుతాయి. పైన కదలకుండా కూర్చున్న నాలుగు గుర్తుల్లోకి ఒక్కో బాణం వచ్చి ఒదిగే క్షణానికి, పాట దరువు పడే క్షణానికి, కాలి కింద ఆ దిక్కును తొక్కాలి. మూడూ ఒక్కటి కావాలి, కన్నూ చెవీ కాలూ. గేమ్‌తో వచ్చిన పాటలు మొహం మొత్తాక ఆడేవాళ్ళే తమకు నచ్చిన పాటలకు తామే బాణాలు రాసుకుని, మూటకట్టి, ప్యాక్ అని పేరు పెట్టి నలుగురికీ పంచుతారు. ఈ మూట పేరు పిడుగు పాటలు. పిడుగు అంటే చెల్లెలు. పుట్టినప్పుడు పెట్టిన పేరు బడి రిజిస్టరుకు పనికొచ్చింది, ఇంట్లో మటుకు పిడుగే.

తక్కెడ ఫోను చేసి ఎంతోసేపు కాలేదు. మూటలన్నీ తొక్కి చూసి, తూకం వేసి, పోటీకి పనికొస్తుందో రాదో తేల్చే అమ్మాయి. ఆటగాళ్ళు పెట్టిన పేరు అది, ఆమెకూ ఇష్టమే. "అన్నా, పాటలు బావున్నాయి. స్టెప్పులైతే చెప్పక్కర్లేదు, కాళ్ళకి చక్కిలిగింతలు పెట్టావు. కానీ మూట మొత్తం ముందుంది."

"ఎంత ముందు?"

"వీసమంత. చెవికి తెలీదు. కాలికి తెలుస్తుంది. దరువు పడకముందే బాణం వచ్చి కూర్చుంటోంది."

"పాత పాటలేనా?"

"అన్నీ. ఆఖరిది కూడా. అన్నిట్లోనూ అంతే ఎడం, గీత గీసినట్టు." తర్వాత నవ్వింది. "ఇంకోటి చెప్పనా, తిట్టకు. మా వాళ్ళలో ఒకడు నిన్న పొద్దంతా నీ పాటల మీదే గెంతాడు. ఇంటికెళ్తూ మెట్లు దిగుతుంటే లేని మెట్టు మీద కాలేశాడంట. మడమ గుమ్మడికాయ అయింది. ఇంకో పిల్లేమో నడుస్తుంటే నేల తనకంటే ఆలస్యంగా వస్తోందంటుంది. ఏం మందు కలిపావన్నా అందులో?" అతను నవ్వలేదు. ఆమె నవ్వు అటువైపే ఆగిపోయింది. "సాయంత్రం పోటీ హాలు తలుపులు తీసేలోపు దిద్ది పంపు. లేకపోతే పక్కన పెట్టేస్తారు. నాకూ మనసొప్పదు."

దిద్దడం ఎంతసేపు. పాటకూ బాణాలకూ మధ్య ఉండే ఎడానికి ప్రతి పాటకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె మారిస్తే బాణాల మందంతా కాపరి అదిలించినట్టు ఒక్కసారిగా వెనక్కి జరుగుతుంది. వేలితో నొక్కే పని. నొక్కాల్సిన వేలు మాత్రం ఇందాకటి నుంచి జేబులోనే ఉంది. ఎందుకంటే ఆ ఎడం తప్పు కాదు, అది పిడుగు. తక్కినవాళ్ళంతా ఆ అంకె కోసం పాట తాలూకు అలల బొమ్మ తెర మీద పెద్దది చేసి, దరువు ఎక్కడ లేచిందో చూసి గీత పెడతారు. అతను మైకుల షాపులో పెరిగిన మనిషి, చెవి ఉన్నవాడికి బొమ్మెందుకని అతని పొగరు. పిడుగును ప్యాడ్ మీద నిలబెట్టేవాడు. గెంతవే అనేవాడు. కళ్ళు మూసుకుని, దాని పాదం చప్పుడూ పాటలో దరువూ విడివిడిగా వినపడినంతసేపూ అంకెను అటూ ఇటూ జరుపుతూ పోయి, రెండూ కలిసి ఒకే చప్పుడైనప్పుడు ఆపేవాడు. "కుదిరిందా అన్నయ్యా?" "కుదిరిందే." కుదిరింది పాటకు కాదు, దానికి. కొలిచే మానికకే సొట్ట ఉంటే కొలిచిందంతా సొట్టే. ఆ సంగతి అతనికి తెలియదా అంటే తెలుసు, కొంచెం కొంచెంగా తెలుసు, పంటి కింద రాయి ఉందని తెలిసీ నమిలినట్టు తెలుసు. కానీ ఇద్దరూ పక్కపక్కన గెంతుతున్నప్పుడు వీసమంత ముందే సరైనదిగా ఉండేది, లోకమే కాస్త మందంగా నడుస్తున్నట్టుండేది.

దానికి ఆ తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందంటే అమ్మ కుట్టుమిషను కింద నుంచి. చంటిపిల్లగా దాన్ని పడుకోబెట్టే చోటు అదే, మిషను కాళ్ళ మధ్య, కత్తిరింపు ముక్కల పరుపు మీద. పైన గుడ్డ నడుస్తుంటుంది, కింద అమ్మ పాదం. పాదం నొక్కుతుంది, ఇనప పలక ఊగుతుంది, పట్టీ తిరుగుతుంది, చక్రం తిరుగుతుంది, అప్పుడు గాని సూది దిగి టక్కనదు. కింద పడుకున్న పిల్లకు ముందు కనపడేది పాదం, ఆ తర్వాతే టక్కు. దాని బుర్రలో లోకం అలాగే కుదురుకుపోయింది: ముందు కాలు, తర్వాత చప్పుడు. నడక వచ్చిన నాటి నుంచీ అంతే. తలుపు తీయకముందే గడప దాటడానికి కాలెత్తి నుదురు బొప్పి కట్టించుకునేది. మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేది. స్కూల్లో డ్రిల్లు టీచరైంది, అయ్యాక పిల్లలకూ అదే అంటింది; మేడమ్ ఈల నోట్లో పెట్టుకుంటే చాలు, ఊదకముందే వరసంతా ఎడమ కాలెత్తేది. హెడ్మాస్టరు ఇంటికొచ్చి మరీ వాపోయాడు, "అమ్మాయ్, మీ పిల్లలు జెండా ఎగరకముందే దణ్ణం పెట్టేస్తున్నారమ్మా" అని. అమ్మ ఆ రోజు కడుపుబ్బ నవ్వింది. పడీ పడీ నవ్వి, నవ్వు తుడుచుకుంటూ, "నా కూతురు కదండీ, బోనీ అదే చేస్తుంది" అన్నది. బోనీ. ఆ మాట ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

బస్సు ఆగేదాకా ఆగడం దానికి చేతనయ్యేది కాదు. స్కూలు మలుపులో బస్సు నెమ్మదించగానే మెట్టు మీంచి కాలు బయటపెట్టేది. ఆ కాలు నేలకు తగిలే వేళకు బస్సు ఆగి ఉండేది. రోజూ అంతే, బస్సుకూ దానికీ మధ్య ఒప్పందం ఉన్నట్టు. ఆ రోజు మలుపులో అడ్డంగా ఉన్న బండేదో తప్పుకుంది. నెమ్మదించిన డ్రైవరు మళ్ళీ అందుకున్నాడు. కాలు తన లెక్క ప్రకారం తను పడింది. కండక్టరు ఇంటికి వచ్చి చేతులు కట్టుకుని, "ఆగుద్దనుకుందమ్మా" అని ఒక్కటే మాట, అదే మాట, అడిగినదానికీ అడగనిదానికీ. అమ్మ మిషను మీద దుప్పటి కప్పింది. అప్పటి నుంచి గుడ్డలు చేత్తో కుడుతుంది, బొత్తాలు కుడుతుంది, అంచులు మడుస్తుంది, మిషను పలక మీద మాత్రం కాలు పెట్టదు. కొలతల టేపు మటుకు మెడలోంచి తీయలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, కిందింటావిడ పైకప్పు మీద పిల్లి నడిచినా లెక్కపెట్టగలిగేటంత.

కానీ ఆఖరి పాట. తక్కెడ ఆఖరిది కూడా అన్నది. అక్కడే అతని అరికాళ్ళు చల్లబడ్డాయి. ఆఖరి పాట రాసినప్పుడు పిడుగు లేదు. పాట ఉంది, దాని ఆలోచనే అది: ఫోను మిషను కింద పెట్టి, అమ్మకు తెలియకుండా మిషను నడక రికార్డు చేసి పట్టుకొచ్చింది, మేనత్త కొడుకు, డోలు వాయించే బావ, దాని మీద దరువు వేసిచ్చాడు. అమ్మ పాటన్నయ్యా, అందరి అమ్మా దీని మీద గెంతాలి అని దాని సంబరం. బాణాలు రాసేలోపే అది వెళ్ళిపోయింది. అతను ఒక్కడే రాశాడు. ప్యాడ్ ఎక్కలేక కుర్చీలో కూర్చుని రాశాడు. కళ్ళు మూసుకోవడానికి భయమేసి, జన్మలో మొదటిసారి ఆ అలల బొమ్మ తెరిచి, పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, సూది టక్కుమన్న మొన మీద, సరిగ్గా ఆ మొన మీద గీత పెట్టాడు. పెట్టాడని ప్రమాణం చేయగలడు. ఎవరి కాలూ అడ్డం లేదు అందులో. అది ముందెందుకుంటుంది?

వంగి ఆ బొమ్మ మళ్ళీ తెరిచాడు. పెద్దది చేశాడు. మిషను చప్పుడులో ప్రతి టక్కుకూ ముందర ఒక చిన్న గుబురు ఉంటుంది, మూసిన గదిలో ఎవరో అడుగేసినంత. పాదం పలకను నొక్కిన చప్పుడు. గీత సూది మీద లేదు. గీత ఆ గుబురు మీద ఉంది. దాని నెత్తిన, కొలిచి పెట్టినట్టు ఉంది. నా చెయ్యే పెట్టి ఉంటుంది, అనుకున్నాడు. ఒకే కంచంలో తిన్నవాళ్ళం, ఒకే మిషను కింద పడుకున్నవాళ్ళం, ఇన్నాళ్ళు దాని కాలే దరువనుకున్న చెవికి దరువు దరువులా ఎందుకు వినపడుతుంది. చెవి కాదు, కన్ను కదా పెట్టింది. కన్ను కూడా తోడబుట్టిందే. సరే, కన్నూ దానిదే, చెయ్యీ దానిదే, మరి నాదేమిటి మిగిలింది అనుకున్నాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు తన గొంతులోంచి వీసమంత ముందే వచ్చినట్టనిపించి నోరు మూసుకున్నాడు.

చెవులకు పెట్టుకునేవి తీసి పక్కన పడేశాడు. షాపు నుంచి తెచ్చిన చిన్న స్పీకరు పెట్టెకు పాట కలిపి, తలుపు అవతలికి వినపడనంత తగ్గించి, ఆఖరి పాట మొదలుపెట్టి తన ప్యాడ్ ఎక్కాడు. పిడుగు పోయాక ఇన్నాళ్ళూ చెవులు మూసుకుని గెంతాడు కాబట్టి గదిలో ఏం వినపడుతుందో అతనికి తెలియదు. కిందింటావిడకే తెలుసు. ఎడమ, కుడి, పైన, ఎడమ. మిషను తిరుగుతోంది, బావ డోలు మెల్లగా లేస్తోంది, బాణాలు పాకుతున్నాయి. అతని పాదం ధబ్బుమంటోంది. దానికి ముందర ఏదో ఉంది. ఎండిన ఆకు మీద ఆకు పడినట్టు ఉంది. బాణం ఒదిగేటప్పుడు ఉంది, ఆ తర్వాత అతని ధబ్బు. బాణాలు ముందున్నాయి కదా, నేను దరువుకు గెంతుతున్నాను కదా, అందుకని వెనక పడుతున్నాను, అంతవరకూ లెక్క సరే. బాణానికి చప్పుడు ఉండదు. బాణం వెలుతురు. వెలుతురు నేలను తొక్కదు. ఎడమ, ఎడమ, కిందకు, కుడి. నేల కదులుతోంది, అతను వేసినందుకు కదిలేది వేరు, వెయ్యబోతుండగా కదిలేది వేరు. అరికాలికి ఆ రెండూ విడివిడిగా తెలుస్తున్నాయి, చీకట్లో చెయ్యి పట్టుకున్నది ఎవరో తెలిసినట్టు. అతను తల తిప్పలేదు. తిప్పితే కనపడుతుందని కాదు, కనపడదని భయం. ఖాళీ ప్యాడ్ చూసి మళ్ళీ మామూలు మనిషి కావలసి వస్తుందని. చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా అంతే, పిడుగు పరదా వెనక ఉందని తెలిసీ ఇల్లంతా వెతికేవాడు, అది ఆగలేక తనే బయటకు దూకేదాకా. దూకవే. ఆగలేవు కదా నువ్వు. దూకు.

అతను గెంతడం ఆపేశాడు. రెండు పాదాలూ ప్యాడ్ మధ్యలో చేర్చి, ఊపిరి బిగబట్టి, రాయిలా నిలబడ్డాడు. పాట నడుస్తూనే ఉంది. బాణాలు ఒదిగి, ఎవరూ తొక్కక ఎర్రబడి పైకి పోతున్నాయి. ఆ ఆకు చప్పుడు మాత్రం ఆగలేదు. తప్, తప్, తప్. ఆగి, రెండు కాళ్ళతో ఒకేసారి, తప్. అక్కడ రెండు కాళ్ళతో గెంతమని రాసింది అతనే. పిడుగుకు ఇష్టమని రాశాడు. పాట అయిపోయింది, అయిపోవడానికి వీసమంత ముందే అది ఆగింది.

అప్పుడు చూశాడు. రెండో ప్యాడ్ మీద నెలల దుమ్ము, ఎండ చారల్లో స్పష్టంగా ఉంది. ఎవర్నీ తుడవనివ్వలేదు అతను. మధ్యలో దుమ్ము పలచటి దుప్పటిలా పరుచుకుని ఉంది. నాలుగు దిక్కులా బాణాలున్న చోట్లు మాత్రం తళతళలాడుతున్నాయి. అమ్మ తుడిచి ఉంటుంది. అమ్మ తుడిస్తే మధ్యలో ఎందుకు వదిలేస్తుంది, అమ్మ పనిలో మూలలు కూడా మిగలవు. భయం, దాని వెనకే, సిగ్గులేకుండా, సంతోషం. ఉంది. ఎక్కడికీ పోలేదు. ఈ అంకె ఉన్నంతవరకూ ఉంటుంది. అంకె దిద్దితే బాణాలన్నీ వెనక్కి జరిగి దరువు మీద కూర్చుంటాయి, హాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళు పిడుగు పాటల మీద ఈలలు వేసి గెంతుతారు, ఆ గెంతుల్లో ఎక్కడా పిడుగు ఉండదు. దిద్దకపోతే ఈ గదిలో ఉంటుంది, మూట హాలు గడప దాటదు. దిద్దినట్టు చెప్పి దిద్దకుండా పంపితే? తక్కెడకు చెవి లేదు, కాలుంది, వెంటనే పట్టేస్తుంది. పట్టకపోతే? ఆ మడమ వాచినవాడి మెట్టు గుర్తొచ్చింది. నేల తనకంటే ఆలస్యంగా వస్తోందన్న పిల్ల గుర్తొచ్చింది. హాలు నిండా కాళ్ళు, సాయంత్రం ఆట ముగిశాక రోడ్ల మీదికి చెదిరిపోయే కాళ్ళు, బస్సుల మెట్ల మీద నిలబడి మలుపు కోసం చూసే కాళ్ళు. అన్నీ వీసమంత ముందు. ఉండనీ అని ఒక మనసు, నీకేమొచ్చె అని ఇంకో మనసు, చెల్లెలు కావాలా ఊళ్ళోవాళ్ళ మడమలు కావాలా అని రెండు మనసులూ కలిసి. వేలు జేబులోంచి బయటికొచ్చి మౌసు మీద ఆనింది, ఆని అక్కడే చెమట పట్టింది. ఎండ రెండో ప్యాడ్ దాటి గోడ ఎక్కడం మొదలుపెట్టింది. హాలు తలుపుల తాళాలు ఎవరో తీయడానికి బయల్దేరే ఉంటారు.

"భోంచేస్తూ లేచొచ్చావేంరా?"

అమ్మ గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. మెడలో టేపు, పెదాల మధ్య సూది, చేతిలో ఎవరిదో చొక్కా. అతని వైపు చూడటం లేదు. రెండో ప్యాడ్ మీద, మనిషి నిలబడితే మోకాళ్ళు వచ్చేంత ఎత్తున, ఖాళీలో చూస్తోంది. పిల్లల లాగు పొడవు కంటితో కొలిచేటప్పుడు చూసే చూపు అది.

"అమ్మా, నీకు వినపడుతోందా?" అన్నాడు. ఆమె సూది నోట్లోంచి తీసి చొక్కాకు గుచ్చింది, అంతే. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక చెప్పాడు, అంకె సంగతి, తక్కెడ మాట, లేని మెట్టు మీద పడిన కాలు, ఆఖరి పాటలో గీత ఎక్కడుందో, అది ఎవరి పాదం చప్పుడు మీద కూర్చుందో. ఆ చివరి ముక్క దగ్గర అమ్మ కుడికాలి బొటనవేలు నేల మీద ఒక్కసారి నొక్కుకుని వదిలింది. "దిద్దితే దాని అడుగు పోతుందమ్మా. ఇంక ఎక్కడా మిగలదు. దిద్దకపోతే ఇక్కడే ఉంటుంది, మన దగ్గరే. ఏం చెయ్యమంటావు? నువ్వు ఉంచమంటే ఉంచేస్తాను."

ఫ్యాను గాలి ఆగినట్టయింది, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. అమ్మ చొక్కా మడిచి చంకలో పెట్టుకుంది. ఖాళీ ప్యాడ్ మీంచి చూపు తిప్పకుండానే అన్నది:

"దిద్దెయ్. ఆగడం ఇప్పుడైనా నేర్చుకోనీ దాన్ని."